పాత నేతే కావాలి

ఆ శుక్రవారం పొద్దున్న పాండురంగయ్య పెట్టుకున్న పని ఒక్కటే. చద్దన్నం తిని, నిచ్చెన వేసుకుని పైకెక్కి, ఇంటి కప్పు సంగతి అటో ఇటో తేల్చేయాలి.

మృగశిర కార్తె వెళ్ళిపోతోంది. రాత్రి పడ్డది పెద్ద వానేం కాదు. అయినా తాటాకు కప్పులోంచి, సరిగ్గా మగ్గానికి జానెడు దూరంలో, ధార కట్టింది. మగ్గం మీద గంజి పెట్టిన నిలువు పోగుల పడుగు ఉంది. అది తడిస్తే పోగుకు పోగు అతుక్కుని చేతికి పీచు మిగులుతుంది. యుద్ధం ముగిసింది కానీ బెజవాడలో నూలు కంట్రోలు ముగియలేదు. చీరలు నేసి సంఘానికి అప్పగిస్తేనే మళ్ళీ నూలు. ఈ పడుగు పోతే మగ్గం ఖాళీ, ఆ తర్వాత పొయ్యి ఖాళీ. అందుకని రావమ్మ రాత్రంతా గంగాళం పట్టుకుని ధార ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చుంది.

"పాత నేత ఇంక పనికిరాదండీ. మొత్తం పీకించి కొత్త నేత వేయించండి," అంది.

"తొందరపడకే. నాలుగాకులు దోపిస్తే ఈ ఏటికి గడిచిపోద్దేమో."

"పోయినేడూ ఇదే మాటన్నారు."

"అది నా మాట కాదు. మీ అన్నయ్య మాట," అన్నాడు పాండురంగయ్య, నిజాయితీగా.

కొత్తపేటలో చీరనూ నేస్తారు, ఇంటినీ నేస్తారు. రెంటికీ మాట ఒకటే. మగ్గం మీది పనీ నేతే, తాటాకు కప్పు పనీ నేతే. ఇన్నేళ్ళుగా ఆ మాటతో ఎవరికీ ఏ చిక్కూ రాలేదు. వచ్చిందంటే దానికి కారణం పాండురంగయ్యే. ఆయన నిర్ణయం తీసుకోలేని మనిషి కాదు. ఎవరు చెప్పిన నిర్ణయాన్నయినా అక్కడికక్కడే తీసుకుంటాడు, ఇంకొకరు ఎదురయ్యేదాకా. నిచ్చెన గోడకు ఆనించి, పైకెక్కేముందు ఒక్కరినైనా అడగటం మంచిదనిపించి, చేనేత సంఘం వైపు నడిచాడు. సంఘానికి ఆయన డైరెక్టరు కూడాను.

ఇక్కడ సంఘం అధ్యక్షుడి గురించి చెప్పాలి. వెంకటకృష్ణారావుగారు మాగాణి ఆసామి. మగ్గం ముఖం చూసిన మనిషి కాదు. నేతగాళ్ళలో ఒకరిని పెడితే రెండోవారు ఒప్పుకోరని, ఎవరికీ ఏమీ కాని ఆయన్ని తెచ్చి మూడేళ్ళ కిందట కుర్చీలో కూర్చోబెట్టారు. నిరుడు ఒక వారపత్రిక వాళ్ళు ఆయన ఫోటో వేసి, కింద 'చేనేత నేత' అని అచ్చేశారు. ఆయన దాన్ని పటం కట్టించారు. అప్పట్నుంచి ఆ మాట ఎక్కడ వినపడ్డా తననేననుకోవటం అలవాటైంది. వీధిలో ఎవరైనా చీర మడత విప్పి "నేత బాగుంది" అంటే చాలు, ఆయన చేతులు జోడించి వినయంగా తల వంచేవారు. నేతగాళ్ళు మర్యాదస్తులు. ఎవరూ ఆయన్ని నొప్పించలేదు.

ఆదివారం సంఘం సర్వసభ్య సమావేశం, దాంట్లో అధ్యక్షుడి ఎన్నిక. ఆ శుక్రవారం నూలు పంపకం. లోపల జనం వరసకట్టి ఉన్నారు. వసారాలో పాండురంగయ్యకు బావ వరసయ్యే చౌడయ్య దొరికాడు. అడగాల్సింది అక్కడే అడిగేశాడు.

"పాత నేత పనికిరాదు, పీకెయ్యమంటోంది మీ చెల్లెలు. నువ్వేమంటావ్ బావా?"

"పీకెయ్. మూడేళ్ళు దాటితే ఏ నేతయినా అంతే. పైకి బాగానే కనపడుద్ది. లోపలంతా పుచ్చు, ఎలకలు."

"వెన్ను దగ్గర బొత్తిగా బలం లేదు బావా. గాలి కొడితే రాలిపోతోంది."

"మరింకేం? పీకి కొత్త నేత పెట్టుకో. ఆలస్యం చేశావా, నలుగురూ తడిసిపోతారు."

పాండురంగయ్య తృప్తిగా ఇంటిదారి పట్టాడు. కిటికీకి అటువైపు ఈ మాటలు విన్నవాళ్ళు ఇద్దరున్నారు. ఒకడు సంఘం గుమస్తా సత్యం. అధ్యక్షుడుగారి దయవల్ల ఉద్యోగం వచ్చినవాడు. ఇల్లు నేయటమంటే ఏమిటో సత్యానికి తెలియక కాదు. ఎన్నిక ఎల్లుండనగా ఇళ్ళెవరికి గుర్తొస్తాయి? రెండోది నూలు వరసలో ముందు నిలబడ్డ చౌడేశ్వరమ్మ. ఆమె పుట్టిన దగ్గర్నుంచీ మగ్గం పక్కనే బతికింది. ఆమెకు నేతంటే మగ్గం మీద నేతే.

సత్యం కలం చెవిలో పెట్టుకుని అధ్యక్షుడుగారి మేడకు పరుగెత్తాడు.

"కొంప మునిగిందండీ! పాండురంగయ్యగారు మిమ్మల్ని పీకేస్తారంటండీ!"

వెంకటకృష్ణారావుగారు నోట్లో తాంబూలం నములుతున్నవారు ఆగిపోయారు. "నా పేరు పెట్టి అన్నాడా?"

"పేరు పెట్టే మర్యాద కూడా ఇవ్వలేదండీ. 'పాత నేత పనికిరాదు' అన్నారండీ. 'పనికిరాడు' అని కూడా కాదు. గొడ్డునన్నట్టు, 'రాదు' అన్నారు."

పదవి పోతుందన్నదానికంటే ఈ 'దు' ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. "ఇంకా ఏమన్నారు?"

"లోపలంతా ఎలకలు చేరాయన్నారండీ. ఆ ఎలక నేనేనేమోనండీ. మీ వెన్ను దగ్గర కూడా బలం లేదన్నారు."

ఆయన చెయ్యి అప్రయత్నంగా నడుం మీదికి పోయింది. ఉగాది నుంచీ ఆయనకు వెన్నునొప్పి. ఆ సంగతి భార్యకూ వైద్యుడికీ తప్ప మూడోమనిషికి తెలియదు. "అంత లోతుగా కనుక్కున్నారటయ్యా!" అని కుర్చీలో కూలబడ్డారు.

మధ్యాహ్నం ఆయన స్వయంగా పాండురంగయ్య ఇంటికి వెళ్ళారు. మంచిమాటలతో తేలేదైతే తేల్చుకుందామని. పాండురంగయ్య మరో సలహా కోసం ఊళ్ళోకి పోయాడు. మగ్గం మీద రావమ్మ కూర్చుని నేస్తోంది. అధ్యక్షుడంతటివాడు గుమ్మంలో కనపడేసరికి కంగారుగా లేచి, అరుగు మీద చాప పరిచి, తను తలుపు చాటున నిలబడింది.

"ఏం లేదమ్మా. పాత నేత సంగతి మీరేదో అనుకుంటున్నారని తెలిసి..." అంటూ ఆయన నాన్చారు.

తన ఇంటి కప్పు గొడవ అంత పెద్దమనిషి చెవిదాకా పోయిందా అని రావమ్మకు సిగ్గేసింది. సానుభూతి చూపించాడు కదా అని ధైర్యమూ వచ్చింది.

"ఏం చెప్పమంటారు బాబూ! రాత్రిళ్ళు నిద్ర లేదు. ఎండ కాసినన్నాళ్ళూ దర్జాగానే ఉంటది. నాలుగు చినుకులు పడేసరికి అసలు రంగు బయటపడుద్ది."

"అంత బాధపెట్టిందా అమ్మా?" తనను తాను 'పెట్టిందా' అనుకోవలసి వచ్చినందుకు ఆయన తాంబూలం ఒక బుగ్గనుంచి ఇంకో బుగ్గకు మార్చారు.

"మొదటి ఏడే తెలిసిపోయిందండీ. మా ఆయనకే మొహమాటం."

"కాస్త సర్ది చూడకూడదా?"

"సర్ది సర్ది విసుగొచ్చింది బాబూ. నాలుగాకులు పెడితే నాలుగు రోజులు ఊరుకుంటది, మళ్ళీ మామూలే."

ఆయన నోట్లో ఉన్నవి తమలపాకులు. సంఘంలో ఏ సభకు వెళ్ళినా తాంబూలం ఇచ్చేదాకా ఆయన ఊరుకోని మాట నిజమే. అయినా ఆడమనిషి నోటివెంట ఇంత మాటా! మెల్లిగా నమలటం ఆపి అడిగారు.

"ఎప్పుడు దింపుతారు?"

"రేపేనండీ. స్థిరవారం గదా. శౌరయ్య మనుషుల్ని తీసుకొస్తానన్నాడు. తాళ్ళూ కత్తులూ వాళ్ళే తెచ్చుకుంటారు."

"కత్తులెందుకమ్మా?"

"కొయ్యకుండా ఎట్లా దిగుద్దండీ? ఎక్కడికక్కడ పట్టుకుని కూర్చుంటది. కోసి, తాడేసి లాగుతారు."

"లాగి?"

"పొయ్యిలో పెట్టుకుంటాం బాబూ. పాతదైనా, ఎండితే బాగా మండుద్ది."

వెంకటకృష్ణారావుగారు మజ్జిగ కూడా పుచ్చుకోకుండా లేచారు. చెప్పులు అరుగు కిందే ఉండిపోయాయి. పెద్దవాళ్ళకు ఎన్ని పనులో పాపం, అనుకుంది రావమ్మ.

సాయంత్రానికి చౌడేశ్వరమ్మ కూడా తన వంతు పని పూర్తిచేసింది. సంఘం డైరెక్టర్లు పాత నేత మాన్పించి ఏదో కొత్త నేత పెడుతున్నారనీ, పాత నేత నేసేవాళ్ళకు నూలు ఆపేస్తారనీ, చెప్పింది సాక్షాత్తూ పాండురంగయ్యేననీ ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఆ కొత్త నేత ఎట్లా ఉంటుందో ఎవరికీ తెలియదు. తెలియకపోవటంవల్ల అది మరీ భయంకరంగా ఉంది. నూలు ఆగితే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే ఇళ్ళు నేసే శౌరయ్య మనుషులతో దిగాడు. బందరు కాలువలో పడవ మీద వచ్చిన తాటాకు రాత్రే వీధిలో దించి ఉంది. పాండురంగయ్య, "ఒక్క ఘడియ ఆగు, ఇంకొక్కరిని అడిగొస్తా," అని బయల్దేరాడు. ఆయన వీధి మలుపు తిరగ్గానే రావమ్మ, ఆకాశం తెరపిగా ఉండటం చూసి, "నువ్వు కానీయ్ శౌరయ్యా," అంది. పొద్దెక్కేసరికి మగ్గం ఉన్న వైపు సగం కప్పు నేలమీద ఉంది.

సరిగ్గా అప్పుడే వీధి చివర నినాదాలు వినపడ్డాయి.

"పాత నేతే కావాలి! కొత్త నేత వద్దు!"

ముందు చౌడేశ్వరమ్మ, వెనక కొత్తపేటలో మగ్గమున్న ప్రతి ఇంటివాళ్ళూ. ఊరేగింపు అధ్యక్షుడుగారి మేడ ముందునుంచే వచ్చింది. ఆయన తలుపులన్నీ గడియ పెట్టుకుని, శౌరయ్య కత్తితో ఎటునుంచి వస్తాడా అని చూస్తూ కూర్చుని ఉన్నారు. వీధిలో కేక వినపడగానే సత్యం గంతేశాడు.

"అయ్యగారూ, వినండీ! జనం మీ వైపేనండీ!"

ఆయన విన్నారు. మరోసారి విన్నారు. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గొడుగు చంకన పెట్టుకుని, చెప్పులు కనపడక ఒట్టికాళ్ళతోనే వచ్చి ఊరేగింపు ముందు నిలబడ్డారు. అధ్యక్షుడే తమ నేతకోసం కాళ్ళకు చెప్పులైనా లేకుండా కదిలాడని నేతగాళ్ళకు గుండె నిండిపోయింది. కేకలు రెట్టింపయ్యాయి.

పాండురంగయ్య ఇంటి కప్పు నడిమి వెన్నుకు కాళ్ళు అటూ ఇటూ వేసుకుని కూర్చున్న శౌరయ్య ఈ జనాన్ని చూసి కత్తి ఆపేశాడు.

"పాత నేత పీకొద్దు!" అని అరిచారు కిందనుంచి.

"ఆపేశానయ్యా! మొదలెట్టక ముందు చెప్పొద్దా?" అన్నాడు శౌరయ్య. తర్వాత పక్కవాడితో మెల్లిగా, "చాలా ఇళ్ళు నేశాను గానీ, కప్పు కోసం ఊరంతా కదిలిరావటం ఎక్కడా చూళ్ళేదురా," అన్నాడు. వాళ్ళ అభిమానానికి విలువిచ్చి, మిగిలిన సగం కప్పు మీద చెయ్యి వేయకుండా దిగి వచ్చాడు.

ఇంతలో పాండురంగయ్య వచ్చాడు. కప్పు విషయంలో ఆయన ఇంతవరకు ఒక్కొక్కరినే అడిగాడు. ఇద్దరి మాట ఎప్పుడూ కలవలేదు. ఇప్పుడు అడగకుండానే పేటంతా వచ్చి ఒకేమాట చెబుతోంది. ఆయన ఆనందం ఇంతా అంతా కాదు. తనూ చెయ్యెత్తి, "పాత నేతే ఉండాలి!" అని అందరికంటే గట్టిగా అరిచాడు. డైరెక్టరు దారికొచ్చాడని చౌడేశ్వరమ్మ చప్పట్లు కొట్టింది. అధ్యక్షుడుగారు ఆయన్ని కావలించుకుని, "నిన్ను అపార్థం చేసుకున్నాను తమ్ముడూ," అన్నారు. ఎందుకో పాండురంగయ్యకు తెలియదు. ఇన్ని సలహాల మధ్య అదొక్కటి అడగటం బాగుండదని ఊరుకున్నాడు.

రావమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. నెత్తిమీద సగం కప్పు లేదు. తూర్పున మబ్బు కమ్ముకొస్తోంది. మగ్గం ఆకాశం కింద ఉంది. వీళ్ళేమో ఇంటిముందు పండగ చేసుకుంటున్నారు.

వెంకటకృష్ణారావుగారు అరుగెక్కి ఉపన్యాసం మొదలుపెట్టారు.

"సోదరులారా! పాత నేతను కత్తులతో కోసి, తాళ్ళతో లాగి, పొయ్యిలో పెడతామన్న ఇంటిముందే మీరు నన్ను నిలబెట్టారు. ఈ నేత ప్రాణం మీది. నావల్ల ఏం కావాలో అడగండి. ఇప్పుడే, ఇక్కడే ఇస్తాను!"

రావమ్మకు అప్పుడు తెలిసింది. నిన్న తను ఏమన్నదీ, ఆయన ఏం విన్నదీ, మజ్జిగ తాగకుండా ఎందుకు పోయిందీ, అన్నీ ఒక్కసారి తెలిశాయి. చెంగు నోట్లో కుక్కుకుంది. ఒక్కమాటతో అందరికీ విప్పి చెప్పొచ్చు. నోరు తెరిచింది కూడా. అంతలో మొదటి చినుకు ఇంట్లో పడింది.

"అయ్యా, నాకు చోటు కావాలి!" అంది. జీవితంలో అంతమంది మగవాళ్ళ ముందు ఆమె గొంతు విప్పటం అదే మొదలు. "నా మగ్గానికి చోటు. సంఘంలో డాబా కప్పున్నది మీ గదొక్కటే. అది ఇప్పించండి."

అధ్యక్షుడుగారు కాదనేవారేమో కానీ, చినుకు వానయింది. లోపల గంజి పడుగు కనపడేసరికి నేతగాళ్ళకు నినాదాలూ నేతలూ అన్నీ మరుపున పడ్డాయి. "పడుగు! పడుగు!" అంటూ గుమ్మంలోంచి కొందరు, కప్పు లేని వైపు గోడ దూకి కొందరు లోపల పడ్డారు. ఎవరో పంచె విప్పి పడుగు మీద కప్పారు. ఎవరో పోగులు దువ్వే అచ్చు విప్పారు. చౌడేశ్వరమ్మ పేక నూలు చుట్టిన నాడె ఒళ్ళో దాచుకుంది. పడుగు చుట్ట మీద అధ్యక్షుడుగారి గొడుగు పట్టి, ఆయన్ని మాత్రం వానలో వదిలేసి, మగ్గాన్ని భుజాల మీద మోసుకుంటూ సంఘం వైపు పరుగెత్తారు. సాయంత్రానికి అధ్యక్షుడి కుర్చీ వసారాలోకి వచ్చింది. అది ఉన్నచోట నాపరాళ్ళు లేపి, కాళ్ళు పెట్టుకునే గుంట తవ్వి, మగ్గం దించారు. అంచున ఒక్క నాలుగు పోగులు తడిశాయి, అంతే. రావమ్మ వాటిని వేళ్ళతో విడదీసి అతుకుతూ ఏడ్చేసింది. పొద్దుట్నుంచీ ఆపుకున్నది అది.

ఆదివారం సమావేశం వసారాలో జరిగింది. వసారాది తాటాకు కప్పు, సంఘమంత వయసున్నది. అధ్యక్షుడుగారు కుర్చీలో కూర్చుని, ఏకగ్రీవంగా ఎన్నికవటానికి సిద్ధంగా ఉన్నారు. లోపల మగ్గం చప్పుడు వినిపిస్తోంది. వాన పెద్దదయింది. ముందు ఒక చుక్క ఆయన భుజం మీద పడింది. కుర్చీ జరిపారు. చుక్క కూడా జరిగింది. ఇంకోటి సరిగ్గా నడినెత్తిన పడి, మెడమీదుగా నొప్పి పెట్టే వెన్నులోకి చల్లగా దిగింది.

"ఛీ! ఈ పాత నేత పనికిరాదయ్యా! పీకి అవతల పారేయండి!" అని లేచి నిలబడ్డారు.

ఆయన నోట 'నేత' అంటే ఆయనేనని సభలో అందరికీ తెలుసు. నిన్న అంతమంది వద్దని మొత్తుకున్నా పదవిని అంత తృణప్రాయంగా వదులుకుంటున్న మనిషిని వాళ్ళు ఇంతకుముందు చూడలేదు. సత్యానికి దుఃఖం పొంగుకొచ్చింది. "చూశారటండీ? 'పనికిరాడు' అనలేదు, తన్ను తాను 'రాదు' అనుకున్నారు. ఎంత వినయమండీ!" అన్నాడు. చౌడేశ్వరమ్మ కళ్ళొత్తుకుని, పెద్దాయన మాట కాదనకూడదంది. అందరూ చేతులెత్తారు. ఆయన "నేను కప్పునయ్యా అన్నది, కప్పుని!" అన్నారు. ఆ మాట చప్పట్లలో కలిసిపోయింది. పూలదండ ముందే తెప్పించి ఉంది కనుక, వేసి సాగనంపారు.

పాండురంగయ్య ఇంటికి శౌరయ్య పీకిన వైపు కొత్త ఆకు నేశాడు, పీకని వైపు నాలుగాకులు దోపాడు. అడిగిన వాళ్ళందరి మాటా నెగ్గిందని పాండురంగయ్య సంతోషించాడు. ఇంట్లో మగ్గం గుంట నిండా నీళ్ళు నిలిచాయి. ఆరేదాకా మగ్గం కదిలే వీలు లేదు. కొత్త అధ్యక్షుడి విషయంలో నేతగాళ్ళు ఏ ఇద్దరూ ఒకమాట మీదికి రాక కుర్చీ వసారాలోనే తడుస్తోంది. రావమ్మ మాత్రం ఆ పడుగు మీద చీరలన్నీ దించి, అప్పగించి, మళ్ళీ నూలు తెచ్చుకుంది.

సంఘం పెట్టిన దగ్గర్నుంచీ అధ్యక్షుడి గదిలో నేత సాగటం అదే మొదటిసారి.